పాడేటాయన రాని పాట

మా ఆయన వినే సంగీతం సంగతి మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. మాకు పెళ్లయిన కొత్తలో మన్సూరాబాద్‌లోని మా ఇంటికొచ్చి, హాల్లో సోఫా మీద ఒద్దికగా కూర్చుని, రెండు పెద్ద స్పీకర్లలోంచి వస్తున్న ఆ మోతను అల్లుడి మర్యాద కోసం చాలాసేపు విన్నది. గిటారు అయింది. డ్రమ్స్ అయ్యాయి. కీబోర్డు వచ్చి వెళ్లింది. మళ్లీ గిటారు వచ్చింది. చివరికి లేచి వంటింట్లోకి వచ్చి నా చెవిలో అడిగింది: "పాడేటాయన ఇంక రాలేదానే?"

ఆ రోజు నేను నవ్విన నవ్వుకు చేతిలోని గరిటె సింకులో పడింది. ఎందుకంటే అది నా ప్రశ్న కూడా. మా ఆయనది గుంటూరు వైపు. ఇంటర్ అయ్యాక కోచింగ్ కోసం చైతన్యపురిలో ఒక హాస్టల్లో చేరినప్పుడు రూమ్మేటు దగ్గర ఒక పాత క్యాసెట్ దొరికిందట. ఒక వైపు మొత్తం ఒకటే పాట. మాటల్లేవు. రాక్ బ్యాండే గాని పాడేవాళ్లు లేరు, ఊరికే వాయించుకుంటూ పోతారు. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని తర్వాతెప్పుడో తెలిసిందట. ఎంట్రెన్సులో సీటు రాలేదు గాని ఈ పిచ్చి మాత్రం వచ్చింది, ఇప్పటికీ వదల్లేదు. ఆదివారం టిఫిన్ కాగానే ఒకటి పెట్టుకుని, కళ్లు మూసుకుని, తొడ మీద వేళ్లతో ఏడేడు దెబ్బలుగా లెక్కపెడుతూ కూర్చుంటాడు. నేను బియ్యం కడిగి కుక్కర్ పెట్టి, బట్టలు ఆరేసి, మా చెల్లెలితో ఫోన్లో ఒక తగాదా మొదలుపెట్టి ముగించుకుని వచ్చేదాన్ని. పాట అక్కడే ఉండేది.

నాకు ఓపిక తక్కువ. దాచుకోవడం దేనికి? బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషిని, అద్దం అవతలి వాళ్లకు వినపడేలా మాట్లాడీ మాట్లాడీ నా గొంతు కూడా పెద్దదైపోయింది. పాటంటే పల్లవి రావాలి, చరణం రావాలి, అయిపోవాలి. మధ్యలో ఒకచోట అన్నీ ఆగిపోయి ఏదో ఒక్క స్వరం సన్నగా మూలుగుతుంటే, హమ్మయ్య అయిపోయింది అనుకుని నేను టీవీ పెట్టేసేదాన్ని. అయిపోలేదే, అసలుది ఇప్పుడే కదా వచ్చేది అని మా ఆయన ప్రాణం పోయినట్టు చూసేవాడు. మా సంసారంలో సగం పోట్లాటలు ఆ సన్నటి మూలుగు దగ్గర పుట్టినవే.

కాని ఈ పాటలు నాకు మా ఆయన వల్ల అర్థం కాలేదు. మా నాన్న వల్ల, మా బాపు వల్ల అర్థమయ్యాయి.

బాపు పోచంపల్లి పక్కన ఒక చేనేత ఊళ్లో పుట్టాడు. కుర్రతనంలోనే మగ్గం దిగి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చీరల దుకాణం పెట్టాడు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, ఒక్కో చీర మడత విప్పుతూ మాట్లాడేవాడు. చీర చూడ్డానికి వచ్చినవాళ్లు ఆయన మాటలకు కూర్చుండిపోయేవాళ్లు. మాటతో బతికిన మనిషి. అలాంటి మనిషికి చెవులు పోయాయి.

పోవడమంటే ఒకేసారి పోలేదు. శబ్దం వస్తుంది, మాట రాదు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. దానికి బాపు ఒక ఉపాయం కనిపెట్టాడు. నవ్వుతూ తల ఊపి "ఆఁ, ఆఁ" అనడం. ఒకావిడ చీర ధర సగానికి తగ్గించమని అడిగితే నవ్వుతూ "ఆఁ, ఆఁ" అన్నాడట. ఇంక లాభం లేదని మా అన్న మెల్లగా ఆ పరుపు మీద తను కూర్చున్నాడు. బాపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఆ కుర్చీ కూడా మానేశాడు.

పూర్తిగా మాన్పించింది మాత్రం ఎల్బీ నగర్‌లో జరిగిన ఒక పెళ్లి రిసెప్షన్. అక్కడ పాత స్నేహితుడొకాయన బాపు చెయ్యి పట్టుకుని, తన తమ్ముడు పోయిన సంగతి చెప్పాడు. వెనకాల బ్యాండు, చుట్టూ జనం. బాపు ఎప్పటిలాగే నవ్వి, "ఆఁ, మంచిదే, మంచిదే" అన్నాడు. ఆ స్నేహితుడి మొహం చూశాక గాని ఏదో తప్పు జరిగిందని బాపుకు తెలియలేదు. అప్పటికి ఆ మనిషి చెయ్యి వదిలేసి వెళ్లిపోయాడు. దారి పొడుగునా కారులో బాపు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కూ రాలేదు. చెవికి మిషన్ పెట్టించుకుందామని ఎవరైనా అంటే, నాకేం చెవుడా అని లేచిపోయేవాడు.

అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మే ఆయన చెవులు. అందరూ ఆయనతో అరుస్తుంటే, అమ్మ ఒక్కతే మామూలుగా మాట్లాడేది. ఆమె పెదాలు ఆయనకు అంత అలవాటు. ఇంట్లో ఏ కబురైనా అమ్మ మొహం మీదుగానే ఆయనకు చేరేది.

తర్వాత అమ్మకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానాలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఒక మధ్యాహ్నం మంచానికి అటు బాపు, ఇటు నేను. అమ్మ కళ్లు తెరిచి చాలాసేపు బాపునే చూసింది. మాట్లాడాలంటే మాస్కు కొంచెం పక్కకు జరిపేది, తన పెదాలు ఆయనకు కనపడాలని. ఆ రోజు జరపలేదు. మాస్కు లోపలి నుంచే అన్నది: "నీకు ఇనరాదని తెలిసే చెప్తున్న. నాకు భయమైతుంది."

బాపు నవ్వుతూ తల ఊపాడు. "ఆఁ, ఆఁ" అన్నాడు.

అమ్మ కళ్లు నవ్వాయి. ఆయన చెయ్యి ఒకసారి తట్టి కళ్లు మూసుకుంది. మర్నాడు పోయింది. వాళ్లిద్దరి మధ్య అదే ఆఖరి మాట.

ఆ మాట నా దగ్గర ఉండిపోయింది. అమ్మ ఏదో అన్నదని బాపుకు తెలుసు. నేను విన్నానని కూడా తెలుసు. అడుగుతాడేమోనని కర్మలు అయ్యేదాకా చూశాను, తర్వాత మా అన్న ఇంట్లో ఒక్కడే గదిలో కూర్చుంటున్నాడని మా ఇంటికి తెచ్చుకున్నాక కూడా చూశాను. ఒక్కోసారి నా మొహంలోకి చూస్తాడు, అడగబోతాడు, ఆగిపోతాడు. అడగాలంటే ఆ రోజు తనకు వినపడలేదని ఒప్పుకోవాలి. భార్య ఆఖరి మాటకు ఉత్తినే తల ఊపానని ఒప్పుకోవాలి. పాపం, ఎట్లా ఒప్పుకుంటాడు?

మరి నేనెట్లా చెప్పను? నా గొంతు పెద్దదే. "అన్నం తిన్నవా బాపూ" అని అరవగలను. "గోలీ ఏసుకో" అని అరవగలను. ఎంత ప్రేమగా మొదలుపెట్టినా అరిచేసరికి అది తిట్టినట్టే ఉంటుంది. చెవుడు వచ్చిన మనిషి చుట్టూ గట్టిగా చెప్పగలిగిన మాటలే మిగులుతాయి, మెల్లగా చెప్పాల్సినవన్నీ ఆగిపోతాయి. "అమ్మకు భయమైంది" అని పై అంతస్తు దాకా వినపడేలా అరవమంటారా? రాసి చూపించొచ్చు కదా అంటారు. ఆ ముచ్చటా అయింది. ఫోన్లో టైపు చేశాను. అమ్మ మాట ఆ గాజు మీద బ్యాంకు మెసేజ్‌లా కనిపించింది. చెరిపేశాను.

పైగా ఇంకో సందేహం. ఆయనకు వినపడదనే ధైర్యంతో అమ్మ అన్న మాట అది. దాన్ని ఆయనకు చేర్చడం మంచిదా, చెడ్డదా? ఎవరిని అడగను?

అలా ఉండగా ఒక ఆదివారం మా ఆయన ఎప్పటిలా తన పాట పెట్టుకున్నాడు. బాపు తన గదిలోంచి వచ్చాడు. మా ఆయన మావయ్యగారికి ఇబ్బందని గబగబా సౌండు తగ్గించబోయాడు. బాపు చెయ్యి ఎత్తి, పెంచమని సైగ చేశాడు. మా ఆయన నమ్మలేనట్టు నన్ను చూశాడు. ఆయన బతుకులో పాట పెంచమన్న మొదటి మనిషి మా బాపే. తగ్గించమన్నవాళ్ల లెక్క చెప్పలేను, అందులో నేను ముందు.

బాపు స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని, చెక్క పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. మొత్తం విన్నాడు. మధ్యలో ఆ సన్నటి మూలుగు వచ్చింది. ఇప్పుడు లేచిపోతాడని మా ఆయన ముఖం మాడిపోయింది. బాపు లేవలేదు. చెయ్యి తియ్యలేదు. మెల్లగా బేస్ గిటారు మొదలైంది, చెక్కలోంచి అది అరచేతికి తగిలినట్టుంది, తల చిన్నగా ఆడించాడు. అయిపోయాక నేను దగ్గరికి వెళ్లి, ఏం వినపడింది బాపూ అని అరిచాను.

"దీంట్ల మాటల్లేవు బిడ్డా," అన్నాడు. "ఎవరేమన్నరో అని పరేషాన్ గావాల్సిన పని లేదు. మంది నవ్వినప్పుడు నవ్వాల్సిన పని లేదు. పానం నిమ్మలంగ ఉన్నది."

నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ ఆయన బాధ వినపడకపోవడమని అనుకున్నాను. కాదు. ప్రతి మనిషి ముందూ పరీక్షకు కూర్చున్నట్టు ఉండటం ఆయన బాధ. పాత సినిమా పాటలు పెడితే విసుక్కునేది అందుకే. ఒకప్పుడు కంఠతా వచ్చిన మాటలు ఇప్పుడు అందీ అందకుండా పోతుంటే ఎవరికి బాగుంటుంది? ఈ పాటలో పోగొట్టుకోవడానికి మాటే లేదు.

ఆ తర్వాత నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మొదట్లో బాపు కోసం కూర్చున్నాను, చేతిలో చిక్కుడుకాయలు పెట్టుకుని. ఈనెలు తీస్తూ వింటుంటే ఒక సంగతి తెలిసింది. ఆ సంగీతం మనల్ని తొందరపెట్టదు. మన ధ్యాస ఎటో పోయి, అన్న కొడుకు ఫీజులు, రేపటి కూర చుట్టూ తిరిగి వచ్చినా అది కోపగించుకోకుండా అక్కడే ఉంటుంది. మొదట్లో ఒక చిన్న వరస వినిపిస్తుంది, నాలుగు స్వరాల ముక్క. తర్వాత దాని ఊసే ఉండదు. ఎక్కడెక్కడో తిరిగి, డ్రమ్స్ తుఫానంతా అయ్యాక, మనం దాన్ని మరిచిపోయాక, అదే ముక్క మళ్లీ వస్తుంది. అప్పటికి అది మనకు తెలిసిన మనిషిలా ఉంటుంది. మూడు నిమిషాల పాటలో అది కుదరదు, మరిచిపోవడానికి టైమే ఉండదు. అంత పొడుగు ఎందుకని ఇన్నేళ్లు గొణిగాను. ఆ పొడుగులోనే ఉంది అంతా.

మా ఆయన ఉత్సాహం పట్టలేకపోయాడు. ఇది మగ్గం నేసినట్టే కదా మావయ్యగారూ, ఒక్కో పోగూ పేరుస్తూ అని చేతులు ఊపుతూ, నోరంతా తెరిచి వివరించాడు. బాపు ఓపిగ్గా చూసి, మగ్గానికీ దీనికీ ఏం సంబంధం అల్లుడా, మగ్గం మీద కూసుంటే నడుము పోతది అన్నాడు. మా ఆయన ఇంకెప్పుడూ ఆ పోలిక ఎత్తలేదు.

మిషన్ మాట మళ్లీ ఎత్తింది కూడా మా ఆయనే. ఈసారి బాపు వద్దనలేదు, సరే అని కూడా అనలేదు, చెప్పులేసుకున్నాడు. కొత్తపేటలో ఒక చెవుల క్లినిక్‌కి వెళ్లాం. పరీక్ష చేసిన అమ్మాయి, శబ్దాలు లేకుండా ఉండటానికి మెదడు అలవాటు పడిపోయిందనీ, మళ్లీ నేర్చుకోవాలనీ, మొదట రోజూ కొంచెంసేపే పెట్టుకోమనీ నెమ్మదిగా చెప్పింది. మేం ఆ కొంచెంసేపును పట్టించుకోలేదు. మిషన్లు చెవులకు పెట్టించి, అటునుంచి అటే దుకాణానికి తీసుకెళ్దామని దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద దింపాం. సాయంత్రం వేళ. బస్సులు, హారన్లు, తోపుడుబండ్ల మైకులు, పైన మెట్రో. బాపు నడిరోడ్డు మీద రెండు చెవులూ మూసుకుని నిలబడిపోయాడు. మిషన్లు పీకి జేబులో వేసుకుని, "గింత లొల్లిల ఎట్ల బతుకుతున్నరే మీరు?" అన్నాడు. ఆ రాత్రికి అవి అల్మారా సొరుగులోకి వెళ్లిపోయాయి.

నేను పోట్లాడాను. బతిమాలాను. నా వల్ల కాలేదు. మా ఆయన మాత్రం నాలుగు వారాలు ఏమీ అనకుండా ఊరుకుని, ఒక సాయంత్రం టీ అయ్యాక ఆ డబ్బా తెచ్చి బాపు ముందు పెట్టాడు. "పాట ఉన్నంతసేపే పెట్టుకోండి మావయ్యగారూ. అయిపోగానే తీసేయండి," అన్నాడు. దగ్గరగా కూర్చుని, పెదాలు కనపడేలా, సైగలతో. అమ్మ చెప్పినట్టే చెప్పాడు. అప్పుడు చూశాను, ఈ మనిషి మా అమ్మను ఇన్నేళ్లూ గమనిస్తూనే ఉన్నాడని.

ఆ పూట పెట్టిన పాట దాదాపు ఏమీ లేనిచోట మొదలవుతుంది. గాలి లాంటి కీబోర్డు, దూరంగా ఒక గంట. ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి, ఎవరూ మీద పడరు. చెవులకు మళ్లీ లోకం అలవాటు చేయడానికి అంతకంటే మంచి దారి లేదేమో. బాపు కాసేపు విని, ఉన్నట్టుండి లేచి వంటింట్లోకి వచ్చాడు. గ్యాసు లీకైతున్నది చూస్కో అన్నాడు కంగారుగా. నేను సిలిండర్ దగ్గరికి పరిగెత్తాను. ఏమీ లేదు. హాల్లోకి వచ్చి వింటే తెలిసింది, అది డ్రమ్స్ పైన ఇత్తడి పళ్లెం చప్పుడు. ఆ సన్నటి ఇస్స్ ఆయన చెవిలో పడి ఎన్నేళ్లయిందో. మా ఆయన గాల్లో పళ్లెం కొట్టి చూపించాడు. బాపుకు అర్థమై, నోటి మీద చెయ్యి పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వాడు. అమ్మ పోయాక ఆయన నిజంగా నవ్వడం అదే మొదలు.

అది మా ఇంటి అలవాటైంది. టీ, మిషన్లు, పాట. మా ఆయన దొంగతనంగా ఇంకా పొడుగు పాటలు వెతికి తెచ్చేవాడు, మిషన్లు ఇంకాసేపు చెవుల్లో ఉంటాయని. బాపుకు తెలియక కాదు. అల్లుడు పాట సాగదీస్తుండు అని నాతో అనేవాడు, ముసిముసిగా. పాట అయిపోగానే మాత్రం తీసి డబ్బాలో పెట్టేసేవాడు. ఒప్పందం ఒప్పందమే. మాటల కోసం మాత్రం ఆయన ఆ మిషన్లు పెట్టుకోవడం లేదు. అది నాకు గుచ్చుకునేది. సంగీతం కోసం తెరిచిన చెవులు మా కోసం తెరవడేం అని కోపం కూడా వచ్చేది.

ఒక సాయంత్రం మా ఆయన పాట పెట్టి, సగంలో ఏదో ఫోనొస్తే కిందికి వెళ్లాడు. నేనూ బాపూ మిగిలాం. పాట చివరికొచ్చింది. మొదట్లో విన్న ఆ ముక్క తిరిగొచ్చి, మెల్లగా సన్నబడి, ఆగింది. ఫ్యాను చప్పుడు మిగిలింది. ఆయన చేతులు చెవుల దగ్గరికి వెళ్లాయి. వెళ్లి, మళ్లీ ఒళ్లోకి వచ్చేశాయి.

"దవాఖానల మీ అమ్మ ఏదో అన్నది," అన్నాడు నేల చూస్తూ. "నాకు ఇనరాలే. ఇనొచ్చినట్టు తల ఊపిన. నువ్వక్కడ్నే ఉంటివి గద."

అలవాటు ప్రకారం గట్టిగా చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. "మెల్లగనే చెప్పు," అన్నాడు.

చెప్పాలా వద్దా అని ఎన్ని నెలలు నలిగానో, అదేమీ ఆ క్షణాన గుర్తు రాలేదు. అడిగిన మనిషికి ఇవ్వకుండా దాచుకోవడానికి అది నా సొమ్ము కాదు. ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. అమ్మ ఎంత గొంతుతో అన్నదో అంతే గొంతుతో, ఆమె మాటల్లోనే చెప్పాను. నీకు ఇనరాదని తెలిసే చెప్తున్న. నాకు భయమైతుంది.

బాపు కదల్లేదు. వినపడలేదేమో, మళ్లీ చెప్పాలేమో అనుకున్నాను. ఇంకోసారి ఆ మాట అనే శక్తి నాకు లేదు. ఆయన చెయ్యి వచ్చి నా తల మీద ఆగింది.

"నాగ్గూడ భయమైంది బిడ్డా," అన్నాడు. "ఆమెకు కనవడొద్దనే నవ్విన."